సి.ఎన్.సి. మెషినింగ్ శిక్షణ

సి.ఎన్.సి. మెషినింగ్ అనగా కంప్యూటరు ద్వారా అందే సంఖ్యాత్మక ఆదేశాల ప్రకారం లేతు, మిల్లింగు వంటి యంత్రాలను నడిపి, లోహాన్ని కోసి కావలసిన ఆకారానికి తెచ్చే పద్ధతి. కంప్యూటర్ న్యూమరికల్ కంట్రోల్ అనే మాటలకు ఇది పొట్టి రూపం. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఈ విద్యను ఐ.టి.ఐ.లు, పాలిటెక్నిక్ కళాశాలలు, టూల్ రూమ్ శిక్షణ సంస్థలు నేర్పుతున్నాయి.

చరిత్ర

అమెరికాలో జాన్ పార్సన్స్ హెలికాప్టరు రెక్కల తయారీ కోసం చేసిన ప్రయత్నాలనుండి ఈ పద్ధతి రూపుదిద్దుకొంది. 1952లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ సంఖ్యలతో నడిచే మిల్లింగు యంత్రాన్ని ప్రదర్శించింది. అప్పట్లో ఆదేశాలను కాగితపు టేపుపై రంధ్రాలుగా పొడిచేవారు. 1970 దశకంలో యంత్రానికే కంప్యూటరును అమర్చడం మొదలైంది.

శిక్షణా విధానం

పదవ తరగతి తరువాత ఐ.టి.ఐ.లో టర్నర్, మెషినిస్ట్ కోర్సులు రెండేళ్ళు, పాలిసెట్ ద్వారా పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్ళు ఉంటాయి. హైదరాబాదు బాలానగర్‌లో 1968లో ఏర్పడిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో టూల్, డై, మోల్డ్ తయారీపై నాలుగేళ్ళ డిప్లొమా ఉన్నది. 2024లో తెలంగాణ ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో కలసి 65 ప్రభుత్వ ఐ.టి.ఐ.లను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని చేపట్టింది.

కంప్యూటరు యంత్రం నేర్చుకొందామని చేరిన విద్యార్థికి మొదట ఆకురాయి చేతికిస్తారు. ఇది చాలామందికి నిరుత్సాహం కలిగించే విషయమే. అయితే చేతితో నడిపే లేతుపై పనిచేసినవారికి టూలు కోసేటప్పుడు వచ్చే శబ్దంలో తేడా తెలుస్తుంది. ఆ తేడాను గుర్తించి సరైన సమయానికి యంత్రాన్ని ఆపగలగడం ఇక్కడా అవసరమే. డ్రాయింగు చదవడం, మైక్రోమీటరుతో మిల్లీమీటరులో నూరవ వంతు వరకు కొలవడం, త్రికోణమితి దీనితోపాటే సాగుతాయి.

ఆ తరువాత ప్రోగ్రామింగు మొదలవుతుంది. జి00 అంటే టూలు వేగంగా కదలాలి, జి01 అంటే నిర్ణీత వేగంతో సరళరేఖలో కోయాలి, ఎం03 అంటే స్పిండిల్ సవ్యదిశలో తిరగాలి. యంత్రం వ్రాసినది వ్రాసినట్లే చేస్తుంది. ఉదాహరణకు ఫానుక్ కంట్రోలు గల పలు యంత్రాలలో "జెడ్50." అని చుక్కతో వ్రాస్తే 50 మిల్లీమీటర్లు, చుక్క మరచిపోతే 50 మైక్రాన్లు, అనగా 0.05 మిల్లీమీటరు మాత్రమే. టూలును పైకి లేపవలసిన చోట ఈ పొరపాటు జరిగితే అది వస్తువును దాదాపు తాకుతూ ఆగుతుంది. తరువాతి జి00 ఆదేశానికి వేగంగా పక్కకు జరిగి క్లాంపును ఢీకొని, టూలు విరగవచ్చు, స్పిండిల్ దెబ్బతినవచ్చు. అందువలన కొత్త ప్రోగ్రామును మొదట తెరపై, ఆపై లోహం బిగించకుండా, పిదప ఒక్కొక్క వరుసగా నడిపి చూస్తారు. తిరిగే యంత్రం వద్ద చేతి తొడుగులు, ఉంగరాలు, వదులు చొక్కాలు నిషిద్ధం.

ఉద్యోగావకాశాలు

ఐ.టి.ఐ. పూర్తిచేసినవారు 1961 నాటి అప్రెంటిస్ చట్టం క్రింద కర్మాగారాలలో అప్రెంటిస్‌లుగా చేరవచ్చు. బాలానగర్, జీడిమెట్లలోని వర్క్‌షాపులు, ఆదిభట్లలోని విమాన భాగాల పరిశ్రమలు, బెంగళూరులోని పీన్యా ఇందుకు ముఖ్యమైన చోట్లు.

ఆపరేటరు, సెట్టరు, ప్రోగ్రామరు అనేవి మూడు మెట్లు. వస్తువును బిగించి మీట నొక్కడం ఆపరేటరు పని. టూళ్ళు అమర్చి వాటి ఆఫ్‌సెట్ కొలతలను ఇచ్చేవాడు సెట్టరు. మీట నొక్కడమే నేర్పే కొద్ది వారాల కోర్సులతో వచ్చినవారు తరచుగా మొదటి మెట్టుపైనే మిగిలిపోతారు. వస్తువును బిగించే ఆ పనిని అనేక చోట్ల రోబోలు కూడా చేస్తున్నాయి. డ్రాయింగు, లెక్కలు వచ్చినవారికి నాణ్యతా తనిఖీ, టూల్ రూమ్ పనులు కూడా అందుబాటులో ఉంటాయి. రెండేళ్ళ ఐ.టి.ఐ. తరువాత పాలిటెక్నిక్ రెండవ సంవత్సరంలో, డిప్లొమా తరువాత ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరంలో చేరే వీలు కూడా కలదు.