చీలికలోంచి చూసిన సూర్యుడు

గాజు పట్టకంలోంచి ఎండను పంపితే రంగులు విడివడతాయని న్యూటన్ 1666 ప్రాంతంలోనే చూపించాడు. అయినా సూర్యకాంతిలో దాగిన అసలు విశేషం ఆయన కంటపడలేదు. చీకటి గదిలోకి ఎండ రావడానికి ఆయన ఎక్కువగా వాడింది గుండ్రటి రంధ్రం. అలాంటి రంధ్రంలోంచి వచ్చిన ప్రతి రంగూ గోడ మీద ఒక గుండ్రటి మచ్చగా పడుతుంది. పక్కపక్క రంగుల మచ్చలు ఒకదాని మీదికి ఒకటి జరుగుతాయి. మధ్యలో ఎక్కడైనా ఒక రంగు లోపిస్తే, ఇరుగు పొరుగు మచ్చలు ఆ ఖాళీని కప్పేస్తాయి. రంధ్రం తీసేసి సన్నని నిలువు చీలిక పెడితే ఈ చిక్కు పోతుంది. ప్రతి రంగూ ఒక సన్నని గీతగా, తన చోట తాను నిలబడుతుంది. అందుకే, కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శిని చరిత్రలో మొదటి మర్యాద పట్టకానికి కాక చీలికకే ఇవ్వాలని నా అభిప్రాయం.

1802లో ఇంగ్లండులో వొలాస్టన్ అలాంటి చీలికతో చూశాడు. రంగుల పట్టీ మీద కొన్ని నల్లటి గీతలు కనిపించాయి. రంగుకూ రంగుకూ మధ్య ఉన్న సరిహద్దులు కాబోలు అనుకుని ఆయన అక్కడితో ఆగిపోయాడు.

ఆగకుండా ముందుకు వెళ్లినవాడు జర్మనీకి చెందిన జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్. 1787లో ఒక గాజు పనివాడి ఇంట పుట్టాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. మ్యూనిక్‌లో ఒక అద్దాల తయారీదారు దగ్గర పనికి కుదిరాడు. 1801లో ఆ ఇల్లు కూలింది. శిథిలాల కింద నుంచి కుర్రవాణ్ణి ప్రాణాలతో బయటికి తీశారు. అక్కడికి వచ్చిన బవేరియా పాలకుడు మాక్సిమిలియన్ జాలిపడి ఇచ్చిన డబ్బుతో ఆ కుర్రవాడు పుస్తకాలూ, గాజును సానబట్టే యంత్రమూ కొనుక్కున్నాడు. తర్వాత బెనెడిక్ట్‌బోయర్న్ గాజు కర్మాగారంలో మేటి కటకాలు తయారు చేసే స్థాయికి ఎదిగాడు.

ఆయనకు కావలసింది నక్షత్రాల రహస్యం కాదు, మంచి గాజు. ఒక గాజు ఏ రంగును ఎంత వంచుతుందో కచ్చితంగా కొలవాలి. ఎరుపు అంటే ఏ ఎరుపు? ఎక్కడ మొదలై ఎక్కడ ఆగేది? కొలతకు ఒక గుర్తు కావాలి. 1814లో ఆయన పట్టకం వెనక, కోణాలు కొలిచే సర్వే పరికరం దూరదర్శినిని అమర్చి, చీలికలోంచి వచ్చే ఎండను చూశాడు. వొలాస్టన్‌కు కొద్దిపాటి గీతలు కనిపించిన చోట ఈయనకు వందలు కనిపించాయి. 574 గీతలు లెక్కపెట్టి, ముఖ్యమైన వాటికి రోమన్ అక్షరాలతో పేర్లు పెట్టాడు. పసుపు రంగులో పడే జంట గీత ‘డి’. దీపపు మంటలో సరిగ్గా అదే చోట మెరిసే పసుపు గీత కనిపించడం కూడా గమనించాడు. ఎందుకో చెప్పే వ్యవధి ఆయుష్షు ఇవ్వలేదు. 1826లో, 39 ఏళ్లకే క్షయతో పోయాడు. ఆ గీతల్ని ఆయన వాడుకున్నది గాజును కొలిచే గుర్తులుగానే. పనికోసం చేసిన కొలతలోంచి ఇంత పెద్ద ప్రశ్న పుట్టడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది.

ఫ్రెంచి తత్త్వవేత్త అగస్ట్ కామ్ట్ 1835లో, నక్షత్రాలు దేనితో తయారయ్యాయో మనిషికి ఎన్నటికీ తెలియదని రాశాడు. దూరం చూడగలం, కదలిక లెక్కించగలం, కానీ ముట్టుకోలేని వస్తువు రసాయనం ఎలా తెలుస్తుంది? న్యాయమైన సందేహమే. ఆయన 1857లో చనిపోయాడు. రెండేళ్లు తిరిగేసరికి హైడెల్‌బర్గ్‌లో జవాబు దొరికింది.

అక్కడ రసాయనవేత్త బున్సెన్, భౌతికవేత్త కిర్కాఫ్ కలిసి ఒక పరికరం చేశారు. లోపల నల్లరంగు పూసిన పెట్టె, కార్బన్ డైసల్ఫైడు నింపిన బోలు పట్టకం, కాంతిని తెచ్చేందుకు ఒక గొట్టం, చూసేందుకు మరొకటి. బున్సెన్ బర్నరు మంటకు తనదంటూ రంగు దాదాపు ఉండదు కాబట్టి, అందులో పెట్టిన పదార్థం రంగు మాత్రమే కనిపిస్తుంది. ప్రతి మూలకానికీ తనవైన గీతలు ఉన్నాయని తేలింది. డ్యూర్క్‌హైమ్ ఊటనీటిలో ఎవరికీ తెలియని నీలం గీతలు కనిపిస్తే, బున్సెన్ 44 టన్నుల నీటిని ఇగిర్చి, పది గ్రాములకు లోపు కొత్త లవణాన్ని రాబట్టాడు. అదే సీసియం. 1860లో సీసియం, 1861లో రుబీడియం: వర్ణపటదర్శిని పట్టిచ్చిన మొదటి మూలకాలు.

కిర్కాఫ్ చేసిన ప్రయోగం ఇంకా లోతైనది. ఉప్పు వేసిన మంటలోంచి ఎండను పంపి చీలికలోకి రానిచ్చాడు. ఎండలో ‘డి’ చోట చీకటి, మంటలో అక్కడే వెలుగు. రెండూ కలిస్తే నల్ల గీత పూడిపోవాలి కదా? ఎండ బలహీనంగా ఉన్నంతసేపు అలాగే జరిగింది. ఎండ బలం పెంచగానే గీత మునుపటికంటే నల్లబడింది. సోడియం ఆవిరి ఏ రంగును వెలువరిస్తుందో, తన వెనక నుంచి అంతకంటే వేడైన వస్తువు కాంతి వచ్చినప్పుడు అదే రంగును మింగేస్తుందన్న మాట. అయితే సూర్యుడి ‘డి’ గీత ఎక్కడిది? సూర్యుడి పైపొరలో ఉన్న సోడియందే. ఫ్రాన్‌హోఫర్ గీతల్లో చాలామటుకు ఆ క్షణంలో సూర్యుడి రసాయన పట్టికగా మారిపోయాయి.

ఇక్కడి నుంచి కథ మన గుంటూరుకు వస్తుంది.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. నీడ దారి కృష్ణా తీరం మీదుగా సాగింది. గ్రహణవేళ సూర్యుడి అంచున ఎర్రగా పైకి లేచే సౌరజ్వాలలు దేనితో చేసినవో అప్పటికి ఎవరికీ తెలియదు. వర్ణపటదర్శినిని వాటివైపు తిప్పడానికి దొరికిన మొదటి మంచి అవకాశం ఇది. మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. మేజర్ టెనెంట్ బృందం ఫోటో పరికరాలతో గుంటూరు చేరింది. వారు తీసిన ఫోటోల్లో సూర్యుడి అంచున లేచిన ‘పెద్ద కొమ్ము’ లాంటి జ్వాల పేరుపొందింది. ఫ్రాన్సు నుంచి వచ్చిన పియేర్ జాన్సెన్ కూడా గుంటూరులోనే, ఒక ఫ్రెంచి వర్తకుడి ఇంట దిగాడు. చిన్నప్పటి ప్రమాదం వల్ల ఆయనకు ఒక కాలు అవిటిది. అయినా గ్రహణం ఎక్కడుంటే అక్కడికి వెళ్లే మనిషి. రెండేళ్ల తర్వాత ప్రష్యా సేనలు పారిస్‌ను ముట్టడించినప్పుడు, అల్జీరియాలో గ్రహణం చూడటానికి బెలూన్ ఎక్కి నగరం దాటాడు. అంతా చేస్తే అక్కడ మబ్బులు పట్టాయి.

గుంటూరులో మాత్రం ఆకాశం సహకరించింది. సూర్యుడు పూర్తిగా మూసుకున్న ఆ కొద్ది నిమిషాల్లో జాన్సెన్ చీలికలో మెరుపు గీతలు కనిపించాయి. అంటే సౌరజ్వాలలు మండే వాయువులు, ప్రధానంగా హైడ్రోజన్. ఆ గీతల వెలుగు చూసి ఆయనకు ఒక ఆలోచన తట్టింది. ఇంత ప్రకాశం ఉన్నవి గ్రహణం లేనప్పుడు మాత్రం ఎందుకు కనిపించకూడదు? ఆ పూట మబ్బులు కమ్మడంతో మర్నాటి దాకా ఆగాల్సి వచ్చింది. 19వ తేదీ ఉదయం చీలికను సూర్యుడి అంచు పక్కన నిలిపాడు. గ్రహణం లేదు, పట్టపగలు. గీతలు కనిపించాయి.

ఇదెలా సాధ్యం? మామూలు పగటిలో సౌరజ్వాల కనిపించకపోవడానికి కారణం, సూర్యుడి చుట్టూ గాలిలో చెదిరిన ఎండ. ఆ వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. పట్టకాల సంఖ్య పెంచేకొద్దీ ఆ కాంతి ఇంకా ఇంకా పొడుగు పట్టీగా పరుచుకుని మసకబారుతుంది. జ్వాల కాంతిలో ఉన్నవి రెండు మూడు రంగులే. అవి ఒకదానికొకటి దూరం జరుగుతాయి తప్ప పల్చబడవు. చెంబెడు నీళ్లు వాకిలంతా చల్లితే తడి ఇట్టే ఆరిపోతుంది, అవే నీళ్లు మూడు గిన్నెల్లో పోస్తే గిన్నెల్లోనే ఉంటాయి, తేడా అంతే. చీలికను అంచు పొడవునా కొద్దికొద్దిగా జరుపుతూ, గీత ఎక్కడ పొడుగైందో ఎక్కడ పొట్టిదైందో గుర్తించి జాన్సెన్ జ్వాలల ఆకారాలు గీశాడు. రెండు వారాలకు పైగా గుంటూరులోనే ఉండి, రోజూ చూశాడు. అప్పటిదాకా గ్రహణానికి కొన్ని నిమిషాలు దొరికితే అదే పదివేలనుకున్న శాస్త్రవేత్తలకు, ఇకమీదట ఎండ కాసిన ప్రతి రోజూ పనిదినమే.

లండన్‌లో యుద్ధ శాఖ గుమాస్తా నార్మన్ లాకియర్ కూడా ఇదే ఉపాయాన్ని స్వయంగా ఆలోచించాడు. తగిన పరికరం చేతికి ఆలస్యంగా అందడంతో అక్టోబరు 20న గాని చూడలేకపోయాడు. ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీలో ఒకే సమావేశంలో చదివారు. ఎవరు ముందన్న తగాదా పెట్టుకోకుండా, ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలూ ఉన్న పతకం వేయించింది.

హీలియంను గుంటూరులో కనుగొన్నారని మనం తరచు చదువుతాం. ఆ మాట నాకు పూర్తిగా నచ్చదు. హీలియంను పట్టిచ్చిన పసుపు గీతను గ్రహణం రోజున పోగ్సన్ సహా పలువురు పలుచోట్ల చూశారు. జామ్‌ఖండిలో ఉన్న జాన్ హెర్షెల్ అది సోడియం ‘డి’ గీతే అనుకున్నాడు. గ్రహణం హడావిడిలో అంత సూక్ష్మమైన తేడా తేల్చడం కష్టం. సోడియం జంట 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర పడితే, ఈ గీత 587.6 దగ్గర పడుతుంది. తీరిగ్గా, మళ్లీమళ్లీ కొలిస్తే తప్ప బయటపడని తేడా. ఆ తీరికను ఇచ్చింది 19వ తేదీ నాటి ఉపాయం. దానితోనే లాకియర్ ఈ గీత తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేల్చి, హీలియం అన్న పేరుకు దారి తీశాడు. కాబట్టి గుంటూరుకు దక్కాల్సిన కీర్తి ఒక వాయువుది కాదు, ఒక చూసే పద్ధతిది. నా దృష్టిలో అదే పెద్దది.

మెండలీవ్‌తో సహా చాలామంది హీలియంను నమ్మలేదు. 27 ఏళ్లు అది ఒక గీతగానే ఉండిపోయింది. 1895లో లండన్‌లో విలియం రామ్సే క్లీవైట్ అనే యురేనియం ఖనిజం నుంచి వాయువు తీసి, వర్ణపటదర్శినిలో పెట్టాడు. ఆయన వెతుకుతున్నది ఆర్గాన్. కనిపించింది సూర్యుడి పసుపు గీత.

ఇదే పరికరం దారి తప్పించిన సందర్భమూ ఉంది. 1869 గ్రహణంలో సూర్యుడి వెలుపలి పొర అయిన కరోనాలో 530.3 నానోమీటర్ల దగ్గర ఒక ఆకుపచ్చ గీత కనిపించింది. హీలియం మాదిరే ఇదీ కొత్త మూలకమని, ‘కరోనియం’ అని దాదాపు 70 ఏళ్లు నమ్మారు. అది 13 ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుమని ఎడ్లెన్ అనే శాస్త్రవేత్త వివరించాకే తెలిసింది. ఇనుము అంతగా చిందరవందర కావాలంటే కరోనా వేడి పది లక్షల డిగ్రీల మాట. గీతల బలం వేడిని బట్టి, పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోయిన తీరును బట్టి మారుతుందని మేఘనాద్ సాహా 1920లో సూత్రం రాశాడు. దాని ఆధారంగా 1925లో సిసిలియా పేన్ నక్షత్రాల్లో అత్యధికం హైడ్రోజన్, హీలియంలేనని లెక్కగట్టింది.

ఈ గీతల పని మన దగ్గరా సాగింది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కె. రంగధామరావు వర్ణపట పరిశోధనకు ఒక సంప్రదాయాన్ని నిలబెట్టారు. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 వ్యోమనౌకలో వెల్క్ అనే పరికరం ఉంది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన సూర్యబింబాన్ని లోపలే మూసి, కృత్రిమ గ్రహణం కల్పించి అది కరోనాను చూస్తుంది. అది చదివే గీతల్లో ఆ 530.3 నానోమీటర్ల ఆకుపచ్చ గీత ఒకటి. అదే ఏడాది ఆగస్టులో చంద్రుడి మీద ప్రజ్ఞాన్ రోవరు లేజరుతో మట్టిని ఆవిరి చేసి, ఆ మెరుపును రంగులుగా విడదీసి గంధకం ఉందని చెప్పింది. బున్సెన్ మంట చేసిన పనిని లేజరు చేసింది.

ఇంట్లో పాత సీడీ ఒకటి ఉంటే ఎవరైనా వర్ణపటదర్శిని చేసుకోవచ్చు. సీడీ మీది జాడలు 1.6 మైక్రోమీటర్ల ఎడంలో ఉంటాయి. పట్టకం చేసే పని అవి చేస్తాయి. అట్టపెట్టెకు ఒక పక్క రెండు బ్లేడు అంచుల మధ్య సన్నని చీలిక, ఎదురుగా ఏటవాలుగా సీడీ, పైన చూడటానికి కన్నం. పాత ట్యూబులైటు వైపు తిప్పితే పాదరసం ఊదా, ఆకుపచ్చ గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. ఎల్‌ఈడీ బల్బు దగ్గర గీతలుండవు, ఎడతెగని పట్టీ కనిపిస్తుంది. ఫ్రాన్‌హోఫర్ నల్ల గీతలు కావాలంటే పెట్టెను నీలాకాశం వైపో, ఎండపడిన తెల్లగోడ వైపో తిప్పాలి. సూర్యుడి వైపు మాత్రం ఎన్నడూ తిప్పకూడదు, కళ్లు పోతాయి. చీలికను ఇంకా ఇంకా సన్నం చేస్తూ పోతే, పసుపులో ‘డి’ గీత కనిపిస్తుంది.