రెండు వస్తువులతో ట్రౌట్ ఎర

ట్రౌట్ చల్లని ఏటినీటిలో నుండు చేప. దానిని పట్టుటకు గాలమునకు ఈకలు, దారములు చుట్టి పురుగు రూపు కల్పించుట యొక విద్య. క్రొత్తగా నేర్చువారు రంగులకు, రెక్కలకు మురిసి చిక్కులలో పడుదురు. అట్టివారికి మేము సూచించునది, ఇంగ్లండునందలి విల్ట్‌షైర్ సీమలో ఏవన్ నదికి కాపరిగా నుండిన ఫ్రాంక్ సాయర్ కల్పించిన ఎర. దీనికి గాలముగాక కావలసినవి రెండే: మగ ఫెజంటుపక్షి తోక ఈక, సన్నని రాగితీగ. దారమైనను అక్కరలేదు.

మొదట గాలమును వైసులో బిగించి, కాడ పొడవునను తీగ చుట్టవలెను. కంటికి చేరువగా మరికొన్ని చుట్లు వేసినచో పురుగు రొమ్మువలె ఉబ్బు ఏర్పడును. పిదప తీగను వంపు కడకు తెచ్చి, నాలుగు ఈకపోగులను కొనలు తోకవలె వెలికి నిలుచునట్లు కట్టవలెను. పోగులను తీగతో పెనవేసి కంటివరకు చుట్టవలెను. అచట వానిని తీగనుండి విడదీసి, ఉబ్బు మీదుగా వెనుకకు, మరల ముందునకు మడచి, ప్రతి మడతను తీగతో బిగించి ముడివేసిన చాలును.

మరి కాళ్లేవి? కొన్ని మేఫ్లై పిల్లపురుగులు ఈదునపుడు కాళ్లను దేహమునకు హత్తుకొనునని సాయర్ నదిలో గమనించెను. కావున కాళ్లు కట్టలేదు. ట్రౌట్ ఆహారములో అధికభాగము నీటి లోపలనే దొరకును. రాగి బరువు ఎరను అచటికే దించును.

మీ తొలి ఎర వంకరగా వచ్చినను చింత వలదు. ఇంకేదైన చేర్చవలెనని తోచినపుడు మాత్రము, పురుగు నీటిలో ఎట్లు మెలగునో ముందు చూడుడు.