ఆవిరిమోటార్లు - పాతయినుము

బోరబండ మొదలు జూబిలీహిల్సు వరకు నేడు రేయింబవళ్లు మోటారుకార్ల రొదయే. పెట్రోలుకారునకు పూర్వమే నీటియావిరితో నడచిన బండ్లుండెనని యెరిగినవా రరుదు.

1769లో ఫ్రాన్సు సైనికోద్యోగి కుగ్నో ఫిరంగులను లాగుటకై ఆవిరిబండిని నిర్మించెను. మరుసటియేట నిర్మించిన మూడుచక్రముల బండి నేటికిని ప్యారిసు ప్రదర్శనశాలలో నున్నది. అమెరికాలో స్టాన్లీసోదరుల ఆవిరికారు 1906లో గంటకు 127 మైళ్లకు మించి పరుగిడెను. దానికి చప్పుడు తక్కువ. గేరులు మార్చు శ్రమ లేదు. ఐనను నీరు కాగి ఆవిరి పుట్టుదాక యజమాని కాచుకొనవలెను. 1912లో మీట నొక్కినంతనే కదలు పెట్రోలుకారు వచ్చుటతో దాని యాదరణము సన్నగిల్లెను.

ఇంగ్లండున 1905కు ముందరి కార్లను, ఆవిరివానిని సహితము, లండను నుండి బ్రైటనునకు ఏటేట నడిపించుచు కాపాడుకొనుచున్నారు. మన నగరమందును చౌమహల్లా ప్రాసాదమున 1912 నాటి రోల్సురాయిసు భద్రముగా నున్నది. సంతోషమే. కాని ప్రభువుల వాహనములు మాత్రమే చరిత్రయా? మన బాటలను చదునుచేసిన ఆవిరిరోలర్లు, మన ధాన్యమును దంచిన మిల్లుల ఆవిరియంత్రములు చరిత్ర కావా?

అట్టి యంత్రము తమ దొడ్డిలో తుప్పుపట్టుచున్న భూస్వాములును, మిల్లుయజమానులును దానిని తూకమునకు అమ్మబోవుటకు ముందు ఒక్కమారు ఆలోచింతురు గాక. ఇనుము మరల దొరకును. కరగిపోయిన చరిత్ర దొరకదు.