హరితశిల – గుర్తించు విధము

పచ్చరాయి అనగానే మన మనస్సు మరకతము వైపు పోతుంది. కాని గద్వాల నుండి కర్నూలు జిల్లా వెల్దుర్తి వరకు సాగే రాతి పట్టీలోను, రామగిరి కొండలలోను కానవచ్చే బరువైన పచ్చని రాయి వేరు. అది ఏనాడో చల్లారిన లావా. భూవిజ్ఞానులు దీనిని గ్రీన్‌స్టోన్ అంటారు. మనము హరితశిల అందాము.

లావా చల్లారగా ఏర్పడే బసాల్టు నల్లగా ఉంటుంది. ప్లాజియోక్లేజు, పైరాక్సీను అందులోని ప్రధాన ఖనిజములు. భూగర్భములో సుమారు 300 నుండి 450 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో నీరు సోకినప్పుడు ఇవి మార్పు చెంది క్లోరైటు, ఎపిడోటు, ఆక్టినోలైటు అనే ఖనిజములు పుడతాయి. వీటిలోని ఇనుమే ఆ పచ్చదనమునకు కారణము.

ఇక పరీక్షలు. ఎండవానలకు పైపొరలోని ఇనుము తుప్పుపట్టి గోధుమరంగు దాలుస్తుంది. కనుక అంచు పగులగొట్టి లోపలి రంగునే చూడవలెను. పిదప ముక్కను గాలిలోను, నీటిలో వ్రేలాడదీసియు తూచవలెను. గాలిలోని బరువును నీటిలో తగ్గిన బరువుతో భాగిస్తే విశిష్ట సాంద్రత వస్తుంది. గ్రానైటుకు అది సుమారు 2.65, హరితశిలకు 2.9 నుండి 3 వరకు. సజల హైడ్రోక్లోరికామ్లము చుక్క వేస్తే రాగి ఖనిజమైన మాలకైటు పొంగుతుంది. హరితశిల పొంగదు, తెల్లని కాల్సైటు నరములున్నచోట మాత్రమే పొంగవచ్చును. క్లోరైటు ఉన్నచోట చాకుతో గీత పడుతుంది. మరకతముపై చాకు గీత పడదు. కనుక గీత పడిన రాయిని పచ్చ అని ఎవరు అమ్మజూపినా మనము నమ్మనక్కరలేదు.

2001లో మూతపడిన కోలారు గనుల బంగారము ఇట్టి శిలల పట్టీలోనిదే. అయితే పచ్చరాయి ఉన్నచోటెల్ల బంగారము ఉండదు. దీని అసలు విలువ చరిత్రలో ఉన్నది. చిత్రదుర్గ జిల్లా మరడిహళ్ళిలో ఈ లావా దిండ్లు పేర్చినట్లు కనబడుతుంది. నీటిలో వెలువడిన లావా పైపొర వెంటనే గడ్డకట్టి, లోపలి ద్రవము ఉబ్బుటచే ఆ ఆకారము వచ్చినది. 250 కోట్ల సంవత్సరములకు పూర్వమే అక్కడ నీరు నిలిచియున్నదనుటకు ఆ దిండ్లే సాక్ష్యము. అందుకే భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఆ స్థలమును జాతీయ భూవైజ్ఞానిక స్మారకముగా ప్రకటించినది.

కంకర కొరకు పగిలిన దిండును మరల అతికించలేము. కనుక సెలవులలో రాళ్ళు సేకరించే విద్యార్థులు రాలిన ముక్కలనే తీసికొని, దొరికిన చోటును చీటీపై వ్రాసి ఉంచవలెను. చోటు తెలియని రాయి శాస్త్రమునకు అంతగా ఉపకరించదు.