అమ్మమ్మగారి పుట్టింటి పేరు

అమ్మమ్మగారి పుట్టింటివారి ఇంటిపేరు తెలిస్తే మనవరాలి చదువుకు డబ్బు దొరకడమేమిటనుకుంటున్నారా? అమెరికాలోని ఐరిష్ సంతతివారికి అలాంటి అవకాశం ఉంది మరి!

1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు తగిలి ఘోరమైన కరువొచ్చింది. సుమారు పది లక్షలమంది చనిపోయారు. అంతకు మించినవారు ఓడలెక్కి దేశం విడిచారు. ఐరిష్‌వారు అమెరికాలో పెట్టుకున్న సంఘాల్లో కొన్ని తమ సంతతి పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాయి.

అయితే "మాది ఐరిష్ వంశమే" అని నోటిమాటగా చెబితే అన్నిచోట్లా చాలదు, రుజువు కావలసి రావచ్చు. 1922లో డబ్లిన్‌లోని రికార్డుల భవనం తగలబడి, 1821 నుంచి 1851 వరకు తీసిన జనాభా లెక్కలు చాలామట్టుకు బూడిదయ్యాయి. కనుక ఆ కాలానికి చర్చి రిజిస్టర్లే పెద్ద దిక్కు. బాప్తిస్మమిచ్చినప్పుడు బిడ్డ పేరుతోపాటు తల్లి పుట్టింటి పేరూ సాధారణంగా రాసేవారు. ఒకే ఊళ్లో నలుగురు మేరీ మర్ఫీలుంటే, మనవాళ్లెవరో తేల్చేది ఆ పేరే!

2015లో ఐర్లండు జాతీయ గ్రంథాలయం కేథలిక్ చర్చిల పాత రిజిస్టర్లను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. కాని ఏ ఊరి చర్చో తెలియకపోతే వెతకడం కష్టమే. ఆ ఊరిపేరు ఇంట్లో పెద్దావిడకే గుర్తుండవచ్చు. ఆవిడ ఉండగానే అడిగి రాసిపెట్టుకున్న ఇంట్లో, పిల్లల దరఖాస్తు పని సగం అయిపోయినట్లే.