గుండెకు మాసిక

గుండెపోటు వచ్చింది. ఆసుపత్రిలో మందులిచ్చారు. నొప్పి తగ్గింది. "ఇక ఇంటికి పోదాం" అంటారు మనోళ్లు. ఆగండి అక్కా! మొదటి వారం ఇంకా గండమే.

గుండె ఒక కండ. రక్తం అందకపోతే ఆ చోట కండ చచ్చి మెత్తబడుతుంది. గుండె లోపల కుడి గదికి, ఎడమ గదికి మధ్య గోడ ఉంటుంది. కొందరికి ఆ గోడకు చిల్లి పడుతుంది. అప్పుడు ఉన్నట్టుండి దమ్ము వస్తుంది. ఒళ్లు చల్లబడుతుంది. వయసు మళ్లిన ఆడవాళ్లకు, ఆలస్యంగా వైద్యం అందినవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ. వంట చేసి పోదామని మనమే ఆలస్యం చేస్తాం కదా!

ఈ చిల్లి మందులతో పూడదు. చిరిగిన రవికకు వేసినట్టే, డాక్టర్లు గుండెకు మాసిక వేసి కుడతారు. అంతసేపు ఒంట్లో రక్తాన్ని మిషను తిప్పుతుంది. కాని నానిన అట్టకు కుట్టు నిలుస్తుందా? అందుకే రోగి తట్టుకుంటే కొన్ని రోజులు ఆగుతారు. తట్టుకోకపోతే వెంటనే కోస్తారు. అందరూ బతకరు. ఆపరేషను లేకుంటే బతికేది ఏ ఒక్కరో.

పంజాగుట్ట నిమ్స్‌లో గుండె ఆపరేషన్లు చేస్తారు. పేదలకు 2007 నుంచి ఆరోగ్యశ్రీ ఉంది. మేడ్చల్, శామీర్‌పేట ఊళ్ల నుంచి పోవడానికి 108కి ఫోన్ చేయండి. డబ్బులడగరు. 2005లో మొదలైన ఆ 108 వాళ్ల పెద్దాఫీసు మన దేవరయాంజాల్‌లోనే ఉంది.

ఇంటికొచ్చాక మళ్లీ దమ్ము వస్తే, గ్యాసు అనుకొని తెల్లారేదాకా చూడొద్దు.