కాలేజీ చదువు కాగితం కోసమేనా?

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే మన ఇళ్లలో ఒక చర్చ మొదలవుతుంది. అబ్బాయి అయితే "ఇంకా చదివి ఏం చేస్తాడు, మామూ దగ్గర వెల్డింగ్ షాపులో కూర్చోబెడితే నాలుగు రాళ్లు తెస్తాడు" అని ఒకరంటారు. "పాస్‌పోర్టు తీయిద్దాం, దుబాయిలో చాచా ఉన్నాడు కదా" అని ఇంకొకరంటారు. అమ్మాయి అయితే చర్చ ఇంకా చిన్నది. "బేటీ, పది దాకా చదివావు, చాలు. మంచి సంబంధం వచ్చింది" అంటే అయిపోయినట్లే. నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో ఈ మాటలు వినని ముస్లిం ఇల్లు అరుదు.

ఇలా మాట్లాడే తల్లిదండ్రులను తప్పు పట్టడం తేలిక. కానీ వారు అడిగే ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. పంక్చర్ షాపు నడుపుకునే తండ్రికి కొడుకు చేతిసాయం లేకపోతే కూలికి మనిషిని పెట్టుకోవాలి. మూడేళ్లు బీఏ చదివిన పొరుగింటి కుర్రాడు చివరికి ఆటో తోలుతుంటే అది కళ్లకు కనిపించే సాక్ష్యం. దానికి జవాబు చెప్పకుండా విద్య గొప్పదని ఉపన్యాసం ఇస్తే వినేవారెవరు? కాబట్టి అసలు ప్రశ్ననే అడుగుదాం. కాలేజీలో గడిపే ఆ మూడు, ఐదేళ్లలో మన పిల్లల్లో ఏం మారుతుంది?

ముందుగా కొన్ని అంకెలు. 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం దేశంలో ఇరవై ఏళ్లు దాటిన ముస్లింలలో డిగ్రీ గానీ డిప్లొమా గానీ ఉన్నవారు నూటికి నలుగురు కూడా లేరు. మొత్తం జనాభాలో అది ఏడు శాతం. ఇక మన ప్రాంతం సంగతి. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, రాష్ట్రంలోనే అట్టడుగు. నల్లగొండలో 64 శాతం. పాలమూరు ఆడవాళ్లలో చదవను రాయను వచ్చినవారు సగం కన్నా తక్కువే. ఆ జిల్లా జనాభాలో మనం సుమారు ఎనిమిది శాతం, నల్లగొండలో ఐదు శాతం పైచిలుకు. కరువుకూ, వలసకూ పేరుపడిన నేల ఇది. తట్ట, పార పట్టుకుని దేశమంతా ఆనకట్టలు కట్టిన పాలమూరు కూలీల పక్కనే మన కుటుంబాలూ బతికాయి. చదువులో వెనుకబాటు ఒక్క మనదే కాదు. కాకపోతే మనం ఆ వెనుకబాటులోనూ వెనుక ఉన్నాం.

దూరం తగ్గింది

ఒకప్పుడు చదువుకు దూరమే పెద్ద అడ్డంకి. నిజాం కాలంలో పై చదువంటే హైదరాబాద్ వెళ్లాల్సిందే. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యం, ఇంజనీరింగ్ సహా అన్నీ ఉర్దూలో చెప్పింది. ఒక భారతీయ భాషలో అంత పెద్ద ప్రయోగం అంతకు ముందు జరగలేదు. 1948 తర్వాత ఆ మాధ్యమం పోయింది. దఫ్తర్లలో ఉర్దూ పోయింది. ఆ భాష మీదే ఆధారపడిన చిన్న ఉద్యోగుల కుటుంబాలు ఒక్కసారిగా ఏ చదువుకూ చెందనివారయ్యారు. తెలుగు బడికి పంపాలా, ఉర్దూ బడికి పంపాలా అని తేల్చుకునే లోపే ఒక తరం దాటిపోయింది. ఈ సంగతి మన పెద్దలు చెప్పుకోవడానికి ఇష్టపడరు గానీ, నేటి పరిస్థితికి అది ఒక పెద్ద కారణం.

తర్వాత కాలేజీలే మన దగ్గరికి వచ్చాయి. 1956లో నల్లగొండలో నాగార్జున ప్రభుత్వ కళాశాల, 1959లో వనపర్తి రాజావారి భవనంలో పాలిటెక్నిక్, పాలమూరులో ఎం.వి.ఎస్. కళాశాల. ఆడపిల్లలకు మహబూబ్‌నగర్‌లో, నల్లగొండలో ప్రత్యేకంగా ప్రభుత్వ డిగ్రీ కళాశాలలు. ఉస్మానియా వారి పీజీ కేంద్రాలుగా ఉన్నవి 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయంగా, 2008లో పాలమూరు విశ్వవిద్యాలయంగా మారాయి. 2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అంటే ఎంబీబీఎస్ దాకా ఇప్పుడు ఇంటికి దగ్గరే దొరుకుతుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ కూడా లేదు. దేవరకొండ నుంచో, కోస్గి నుంచో రోజూ వచ్చిపోయే అమ్మాయికి ఇది చిన్న విషయం కాదు.

వెనుక బెంచీ నుంచి

కాలేజీలో మొదటి ఆరు నెలలు చూడండి. ఉర్దూ మీడియంలో పదోతరగతి చదివి వచ్చినవాడు వెనుక బెంచీలో కూర్చుంటాడు. లెక్చరర్ ఇంగ్లిషులో పాఠం చెబుతాడు, మధ్యలో తెలుగులో వివరిస్తాడు. వాడికి రెండూ అంతంతమాత్రమే. "అర్థమైందా?" అంటే తల ఊపుతాడు. తెలుగు మీడియంలో చదివినవాడి పరిస్థితి కొంత నయం. వాడి కష్టం ఇంగ్లిషు ఒక్కటే. ఈ ఆరు నెలల్లోనే చాలామంది మానేస్తారు. ఇంట్లో మాత్రం "వాడికి చదువు ఎక్కలేదు" అంటారు. ఎక్కనిది చదువు కాదు, భాష. ఈ తేడా తెలిసిన తండ్రి కొడుకును షాపులో కూర్చోబెట్టడు, ఇంగ్లిషు ట్యూషన్‌కు పంపుతాడు.

ఆ ఆరు నెలలు నిలదొక్కుకున్నవారిలో వచ్చే మార్పు చూడముచ్చటగా ఉంటుంది. మొదట తోటి పిల్లలు. ఊళ్లో మన వాడలో పెరిగినవాడికి రెడ్డిగారబ్బాయి, మాలమాదిగ పిల్లలు, లంబాడా తండా నుంచి వచ్చినవాడు ఒకే బెంచీ మీద దోస్తులవుతారు. రంజాన్ నెలలో రికార్డు రాసిపెట్టేది వాళ్లే, పండుగ నాడు షీర్ ఖుర్మా తాగడానికి వచ్చేదీ వాళ్లే. ఎన్.ఎస్.ఎస్. క్యాంపుకు వెళ్లి ఒక పల్లెలో వారం రోజులు మోరీలు తీసి, చెట్లు నాటి వచ్చిన కుర్రాడు పదిమందితో పని చేయించడం ఎలాగో నేర్చుకుని వస్తాడు. అది ఏ మార్కుల మెమోలోనూ ఉండదు.

రెండోది, కాగితాలతో పరిచయం. మన ఇళ్లలో ఆఫీసు అంటే భయం. మీసేవకు పోవాలన్నా ఎవరినో వెంటబెట్టుకుని పోతాం. కాలేజీలో చేరిన పిల్లవాడు కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బోనఫైడ్, బ్యాంకు ఖాతా, స్కాలర్‌షిప్ దరఖాస్తు అన్నీ తానే తిరిగి చేసుకోవాలి. డిగ్రీలో చేరాలంటే 2016 నుంచి 'దోస్త్' అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఏ కాలేజీ, ఏ గ్రూపు అని వరుసగా ఎంచుకోవాలి. ఒకటి రెండేళ్లు గడిచాక చూడండి. నానీమా పింఛను దరఖాస్తు రాసేది ఆ అమ్మాయే, అబ్బాకు బ్యాంకు నుంచి వచ్చిన నోటీసు చదివి చెప్పేదీ ఆ అమ్మాయే. మెల్లగా ఇంటి నిర్ణయాల్లో ఆమె మాటకు విలువ వస్తుంది. వ్యక్తిత్వ వికాసం అని పెద్ద మాట వాడతాం గానీ, మన ఇళ్లలో అది కనిపించేది ఇలాగే.

మూడోది, భాష మీద పట్టు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు అనే ఈ రెండు ప్రపంచాల నుంచే 1990లలో తెలుగు సాహిత్యంలో ముస్లిం గొంతు బలంగా వినిపించింది. 1998లో వచ్చిన 'జల్‌జలా' కవితా సంకలనానికి సంపాదకుడైన స్కైబాబా నల్లగొండ జిల్లావాడు. ఆ కవితల్లోని ప్రతి అభిప్రాయంతో అందరూ ఏకీభవించాలని లేదు. మన బతుకు గురించి మనమే తెలుగులో చెప్పుకోగలమని మాత్రం అవి చూపించాయి.

లక్ష్యం ఎక్కడి నుంచి వస్తుంది?

పల్లెలో పెరిగిన పిల్లను "ఏమవుతావు?" అని అడగండి. డాక్టర్ అంటుంది, లేకపోతే టీచర్ అంటుంది. ఆమె చూసిన ఉద్యోగాలు అవే. చూడని దాన్ని ఎవరూ కోరుకోలేరు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మేడమ్‌ను చూశాక, ల్యాబ్‌లో మైక్రోస్కోపు ముందు కూర్చున్నాక, సీనియర్ అక్క బీఎడ్‌లో చేరిందనీ, ఇంకో అన్న గ్రూప్స్ పరీక్ష రాస్తున్నాడనీ విన్నాక కోరికలకు ఆకారం వస్తుంది. నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసీ, అకౌంట్లు అని దారులు కనిపిస్తాయి. "ఏదో ఒక నౌకరీ" అన్న మాట పోయి "ఫలానా పరీక్ష, ఫలానా సంవత్సరం" అన్న లెక్క వస్తుంది.

అన్ని కాలేజీలూ ఇలాగే చేస్తాయని కాదు. లెక్చరర్ల పోస్టులు ఖాళీగా ఉన్న కాలేజీలున్నాయి. హాజరు వేసుకుని బైకుల మీద తిరిగే కుర్రాళ్లున్నారు. ఆటో తోలుతున్న ఆ బీఏ కుర్రాడు ఏ గ్రూపు ఎందుకు తీసుకున్నాడో తనకే తెలియదు, దోస్తులు తీసుకున్నారని తీసుకున్నాడు. చేరేటప్పుడే ఈ చదువు తర్వాత ఏ మెట్టు అని అడిగి ఉంటే బాగుండేది. ఇంటర్‌లో బైపీసీ తీసుకుని నీట్ ర్యాంకు రాలేదని రెండేళ్లు ఇంట్లో కూర్చున్న ఆడపిల్లల సంగతీ ఇంతే. ఎంబీబీఎస్ రాకపోతే జీవితం లేదన్నట్లు పెంచడం మన తప్పే.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. 2007లో వచ్చిన చట్టంతో ముస్లింలలోని 14 వర్గాలకు బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చింది. సుప్రీంకోర్టు 2010 మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతోంది. షేక్‌లు ఇందులోకి వస్తారు. దూదేకుల సోదరులు బీసీ-బి. సయ్యద్, మొఘల్, పఠాన్ తదితరులకు ఇది వర్తించదు. అయితే ఆదాయం తక్కువైతే 2021 నుంచి రాష్ట్రంలో అమలవుతున్న ఈడబ్ల్యూఎస్ కోటాకు వారు అర్హులు. ఈ తేడా తెలియక సీటు పోగొట్టుకున్న కుటుంబాలున్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, కానీ బకాయిలు ఆలస్యమైతే సర్టిఫికెట్ల దగ్గర ఇబ్బంది వస్తుంది. అందుకే చేరేముందే కాలేజీలో ఆ సంగతి అడగాలి. విదేశీ చదువుకు 2015లో మొదలైన ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం మైనారిటీ విద్యార్థుల కోసమే. ఆ మాట ఎంతమంది మన పిల్లల చెవిన పడింది?

ఆడపిల్ల చదువు, పెళ్లి లెక్క

ఇక అసలు చిక్కు. అమ్మాయిని డిగ్రీ చదివిస్తే తగిన సంబంధం దొరకదన్న భయం. దీన్ని కొట్టిపారేయలేం. దేశంలో కాలేజీకి వెళ్లే ముస్లింలలో ఇప్పుడు అమ్మాయిలు, అబ్బాయిలు దాదాపు సరిసమానం. కానీ చాలా ఇళ్లలో అబ్బాయి పదితోనో, ఇంటర్‌తోనో ఆగిపోయి పనిలో పడుతున్నాడు. బీఎస్సీ చదివిన అమ్మాయికి పది తప్పిన వరుడు వస్తే ఇద్దరికీ ఇబ్బందే. దీనికి మనవాళ్లు కనిపెట్టిన పరిష్కారం అమ్మాయిని ఆపేయడం! అబ్బాయిని ఇంకో మూడేళ్లు చదివించాలన్న ఆలోచన మాత్రం రాదు. కూతురి చదువు గురించి సలహా అడగడానికి వచ్చే తల్లులను ముందు కొడుకు ఏం చేస్తున్నాడని అడగాలి.

"మన ఆచారంలో లేదు" అనే పెద్దలకు ఒక్క మాట. మొరాకోలోని ఫెజ్ నగరంలో 859లో ఖరవియ్యీన్ మసీదును, దానితోపాటు పెరిగిన విద్యాకేంద్రాన్ని ఏర్పాటు చేసింది ఫాతిమా అల్ ఫిహ్రీ అనే మహిళ అని చరిత్రకారులు రాశారు. తండ్రి ఇచ్చిన ఆస్తిని ఆమె దానికి ఖర్చు పెట్టింది. మన హైదరాబాద్‌లో ఆడపిల్లల కాలేజీ 1924లోనే మొదలైంది, అదే కోఠీ మహిళా కళాశాల.

షాదీ ముబారక్ పథకం 2014లో 51 వేల రూపాయలతో మొదలై 2018లో లక్షా నూటపదహారు అయింది. అమ్మాయికి పద్దెనిమిది నిండితేనే ఆ డబ్బు వస్తుంది. దానివల్ల కొన్ని పెళ్లిళ్లు ఇంటర్ దాకా ఆగాయి, సంతోషం. ఇంకో మూడేళ్లు ఆగితే పోయేదేమీ లేదు. ఆ పథకానికి పై వయసు అడ్డం కాదు.

పెళ్లయి చదువు ఆగిపోయిన చెల్లెళ్లకూ దారి ఉంది. 1982లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ఏర్పడిన అంబేద్కర్ విశ్వవిద్యాలయానికి నల్లగొండలోనూ, మహబూబ్‌నగర్‌లోనూ కేంద్రాలున్నాయి. ఉర్దూలో చదవాలనుకునేవారికి 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ విశ్వవిద్యాలయం దూరవిద్య కోర్సులు నడుపుతోంది. చేరడానికి ఇంటర్ మెమో, ఆధార్, ఫొటోలు కావాలి. అంబేద్కర్ విశ్వవిద్యాలయం తరగతులు ఎక్కువగా సెలవు రోజుల్లోనే ఉంటాయి. ఆ పూట పిల్లలను చూసుకోవడానికి అత్తగారో, భర్తో ఒప్పుకుంటే చాలు.